అభ్యంతరం లేదు

జూలై 8, మంగళవారం

ద్రోహం జరిగింది. చేసినవాడు హనుమంతు, సర్కారు వకీలు. మా బాపు చావుకు కారణమైన సేటును శిక్షించమని మా తరఫున కోర్టులో అడగాల్సిన మనిషి. తోడు నిలిచింది రోజారాణి, ఆ సేటు తరఫు వకీలు. రేపు నాకే అనుమానం రాకుండా సమయం కూడా రాస్తున్నా. ఈరోజు మధ్యాహ్నం పన్నెండు గంటల నలభై నిమిషాలకు, మా ఊరి కోర్టులో, మేజిస్ట్రేటు ఎదుట, నా కళ్ల ముందు.

మా అక్క మొగుడు కుమార్ బావ బోనెక్కాడు. మూడేళ్లుగా ఈ రోజు కోసమే చూశాం. కార్ఖానాలో బాపు నడిపే కరెంటు మగ్గం, సాంచ అంటాం మేము, దాని పక్క సాంచ బావది. చూసిన సాక్షి అని పోలీసులు రాసుకున్నది అతనొక్కడినే. హనుమంతు అడిగాడు, బావ చెప్పాడు. మోటారు వైరు పైతోలు లేచిపోయిందని అంతయ్య మామ, అంటే మా బాపు, పొద్దుటి నుంచి మూడుసార్లు చెప్పాడని, భీముకు చుట్టిన నూలు అయిపోయేదాకా నడపమని సిద్దిరాములు సేటు అన్నాడని, పదకొండు గంటలకు మామ సాంచకు అతుక్కుపోయాడని, మెయిన్ బంద్ చేద్దామని ఉరికితే స్విచ్ రూముకు తాళం ఉందని, తాళంచెవి సేటు జేబులో ఉందని, సేటు బజారుకు పోయాడని. గొంతు వణకలేదు. నన్ను కన్న అవ్వ నా పక్కనే కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుంది.

ఇక అవతలి వకీలు బావను ఎదురు ప్రశ్నలు అడగాలి. క్రాస్ అంటారు. అది అయిపోతే సాక్ష్యం పూర్తయినట్టు. రోజారాణి లేచింది. ఒంటి గంటకు వేరే కోర్టులో పని ఉందట, ఈరోజు క్రాస్ చేయలేదట, టైము కావాలట. మేజిస్ట్రేటు హనుమంతు వైపు చూశాడు. ఈ మనిషి ఫైలులోంచి తల కూడా ఎత్తలేదు.

“అభ్యంతరం లేదు.”

పిటిషన్ మీద అదే రాసి సంతకం పెట్టాడు. ఆగస్టు ఇరవై ఆరుకు వాయిదా.

ఇది మూడోసారి. జనవరిలో ఆమెకు గొంతు నొప్పి, ఆయనకు అభ్యంతరం లేదు. ఏప్రిల్‌లో ఆయనకు మోకాలి నొప్పి, ఆమెకు అభ్యంతరం లేదు. ఇరుగుపొరుగు ఆడవాళ్లు పాలల్లోకి తోడు ఇచ్చిపుచ్చుకున్నట్టు ఈ రెండు మాటలు ఇచ్చిపుచ్చుకుంటున్నారు. పాలు మావి.

“మాకున్నది అభ్యంతరం,” అన్నాను వెనక నుంచి. గట్టిగానే అన్నాను. అటెండరు వచ్చి భుజం పట్టుకున్నాడు. మేజిస్ట్రేటు ఒక్కసారి చూసి వదిలేశాడు. బయటికొచ్చాక హనుమంతు నన్ను పిలిచి, “కోర్టుల నీకు నోరు లేదు. నీ నోరు నేనే,” అన్నాడు.

రెండు మాటలు మాత్రమే వచ్చిన నోరు.

జూలై 9

పనిలో నాలుగుసార్లు పోగు తెగింది. నేను చూడలేదు. ఆసామి, ఆ సాంచల యజమాని, చూసి చెప్పాడు.

జూలై 13, ఆదివారం

కుమార్ బావ వచ్చాడు. అన్నం తిని, చెయ్యి కడుక్కుని, చాలాసేపు కండువాతో చెయ్యి తుడుస్తూ కూర్చున్నాడు. అప్పుడు చెప్పాడు. వీసా వచ్చిందట. బహ్రెయిన్‌లో లాండ్రీ కంపెనీ. ఆగస్టు ఇరవై నాడు ఫ్లైటు.

పేషీ ఇరవై ఆరు నాడు.

ఆగమన్నాను. ఒక్క నెల ఆగితే ఏం పోతుందన్నాను. మా బాపు ఇతన్ని పదిహేనేళ్ల వయసులో సాంచ మీద నిలబెట్టి పని నేర్పిన సంగతి కూడా గుర్తు చేశాను. అనకుండా ఉండాల్సింది.

“బామ్మర్దీ, నేను పోలీసులకు పేరిచ్చిన తెల్లారి నుంచి మనూళ్ల ఏ సేటు నాకు సాంచ ఇచ్చిండు? మూడేండ్లు మేస్త్రీ కింద ఇటుకలు మోసిన. నీకు గింత చెప్పిన్నా ఎన్నడన్న? అడుగుతున్న, ఆగుమంటే ఆగుత. నువ్వు ఇప్పిస్తవా సాంచ?”

అవ్వ, “పో బిడ్డా, నువ్వు పో,” అంది.

జూలై 16

సర్కారు వకీలు ఆఫీసులో రెండు గంటలు నిలబడ్డాను. ఒక బీరువా, ఒక బల్ల, తలుపు దాకా ఫైళ్లు. హనుమంతు కళ్లజోడు తీసి విన్నాడు. క్రాస్ కాకుండా కుమార్ బావ పోతే ఎనిమిదో తేదీన చెప్పిందంతా చెప్పనట్టేనట. అవతలివాళ్లకు అడిగే అవకాశం ఇవ్వని సాక్ష్యం చెల్లదట. అంటే సగం నేసి సాంచ మీద వదిలేసిన బట్ట. ఎవడూ కొనడు.

మరి ఆనాడు అభ్యంతరం లేదని ఎందుకన్నారని అడిగాను.

“గా దినం వీసా ముచ్చట నాకెరుకనా? నీకెరుకనా?” అన్నాడు. “నేను వద్దన్నా మేజిస్ట్రేటు టైమిచ్చేదే. వద్దంటే రేపు నాకు అవసరం పడ్డనాడు ఆమె గూడ వద్దంటది. పో. చూస్త.”

చూస్తాడట. మూడేళ్లుగా చూస్తున్నారు.

ఇంటికొచ్చి మంచం కింది కట్టలు బయటికి తీశాను. సభల దగ్గర, బస్సుల్లో, గోడల మీద దొరికిన కరపత్రాలు. నాకు చదువు నేర్పింది బడి కాదు, ఇవే. చట్టం గురించి ఉన్నవన్నీ మళ్లీ చదివాను. అన్నీ నేననుకున్నదే చెప్పాయి.

జూలై 29, మంగళవారం

చూశాను. ఎవరో చెప్పింది కాదు, నేనే చూశాను.

పదింబావుకు కోర్టు గేటు ముందు తెల్ల కారు ఆగింది. నడుపుతున్నది రోజారాణి. పక్క సీట్లోంచి దిగింది హనుమంతు. ఇద్దరూ కరీంనగర్ నుంచి ఒకే కారులో వచ్చారు. వెనక సీటు మీద ఇద్దరి ఫైళ్లూ కలిసిపోయి ఉంటే ఆమె ఏరి, ఆయనవి ఆయనకు అందించింది. ఏది ఎవరిదో ఆమెకు చూడకుండానే తెలుసు.

మధ్యాహ్నం బార్ రూము కిటికీలోంచి చూశాను. ఒకే డబ్బా. జొన్న రొట్టె ఆమె సగానికి చింపి ఆయన ముందు పెట్టింది. ఆయన ఏదో అన్నాడు, ఆమె ఏదో అంది, ఆయన నవ్వాడు. ఈ మనిషి నవ్వగలడని నాకు తెలియదు. డబ్బా కింద ఒక ఫైలు ఉంది, బల్లకు నూనె అంటకుండా. దాని మీద ఎర్ర సిరాతో ‘అంతయ్య మృతి’ అని ఉంటుంది. నాకు దూరం నుంచి కూడా ఆ ఫైలు తెలుసు.

బాపు మీద డబ్బా పెట్టుకుని తిన్నారు.

జూలై 31

హనుమంతు ఫోన్ చేశాడు. తనే చేశాడు. పేషీని ముందుకు జరుపుతున్నారట. పన్నెండో తేదీన కుమార్‌ను తీసుకురావాలట, ఆ రోజే క్రాస్ మొత్తం అయిపోతుందట. ఎట్లా అని అడిగాను.

“మేడంతోని మాట్లాడిన. ఒప్పుకున్నది.”

“ఎందుకొప్పుకున్నది సార్?”

“నేనడిగిన గనక,” అని పెట్టేశాడు.

ఇప్పుడు నిదానంగా ఆలోచించి రాస్తున్నా. రోజారాణి ఏమీ చేయకుండా కూర్చుంటే చాలు. కుమార్ బావ విమానం ఎక్కుతాడు, సాక్ష్యం చెల్లదు, సేటు బయటపడతాడు. గెలుపు చేతిలో ఉంది. ఇవతలివాడు అడిగాడని ఎవరైనా చేతిలోని గెలుపు వదులుకుంటారా? వదులుకోరు. కనుక వెనక ఏదో ఉంది. పన్నెండో తేదీన ఇద్దరూ కలిసి బావను నలిపి, ఒక్క రోజులో కేసు మూసేస్తారు. దీనికి ఇంకో అర్థం లేదు. ఎంత ఆలోచించినా ఇంకో అర్థం లేదు.

ఆగస్టు 3, ఆదివారం

రాశాను. మూడుసార్లు కొట్టేసి నాలుగోసారి ఇట్లా నిలిచింది:

‘ప్రజలారా! సాంచ మీద ప్రాణం విడిచిన అంతయ్య కేసులో సర్కారు వకీలూ సేటు వకీలూ కుమ్మక్కు! ఒకే కారులో ప్రయాణం, ఒకే డబ్బాలో భోజనం, ఒకే మాట – అభ్యంతరం లేదు! చనిపోయిన కార్మికుడికి ఈ కోర్టులో మనిషి లేడు. అడగండి, నిలదీయండి! – కార్మిక న్యాయ సాధన కమిటీ.’

కమిటీలో ప్రస్తుతం నేనున్నాను.

కుమార్ బావకు చూపించాను. రెండుసార్లు చదివాడు. పన్నెండు దాటేదాకా ఆగమన్నాడు. క్రాస్ ఒక్కటి కానిస్తే తర్వాత ఊరంతా అంటించుకోమన్నాడు. భయపడేవాళ్లు ఎప్పుడూ తర్వాత అనే అంటారు. అవ్వకు చదివి వినిపించాను.

“గా రొట్టె ముచ్చట ఎందుకు కొడుకా? తింటే తిననీ,” అంది. “మన దిక్కు మాట్లాడెటోడు ఆయనొక్కడేనాయె.”

అవ్వకు రాజకీయం తెలియదు.

ఆగస్టు 7

కరీంనగర్ పోయి అచ్చు వేయించుకొచ్చాను. ఐదు వందలు. వాన. కట్టను చొక్కా లోపల పెట్టుకుని సుల్తానాబాద్ బస్సులో నిలబడే వచ్చాను. ఒంటికి ఇంకా అచ్చు వాసన.

ఆగస్టు 11, సోమవారం

పంచాను. పొద్దున పది నుంచి కోర్టు గేటు, బస్టాండు, హోటళ్లు, జిరాక్స్ షాపులు. తీసుకున్నవాళ్లు అక్కడే నిలబడి చదివారు. ఒక ముసలాయన నా భుజం తట్టాడు. మూడేళ్ల తర్వాత ఇవాళ కడుపునిండా తిన్నాను.

హనుమంతు నా చేతి నుంచే తీసుకున్నాడు. నిలబడి మొత్తం చదివాడు. నాలుగు మడతలు పెట్టి కోటు జేబులో వేసుకున్నాడు. “రేపు కుమార్‌ను పదింటికల్లా తోలుకరా,” అని లోపలికి పోయాడు.

భయపడ్డాడు.

ఆగస్టు 12, మంగళవారం

పదింటికి కుమార్ బావతో పోయాను. గేటుకు ఒక కాగితం అంటించి ఉంది. న్యాయవాదులను అవమానిస్తూ వేసిన కరపత్రానికి నిరసనగా ఈరోజు విధుల బహిష్కరణ. లోపల వకీళ్ల కుర్చీలన్నీ ఖాళీ. హనుమంతు ఒక్కడే తన కుర్చీలో కూర్చున్నాడు. సర్కారు ఉద్యోగి కదా, బహిష్కరణ ఆయనకు లేదు.

మా కేసు పిలిచారు. కుమార్ బావ బోను పక్కన నిలబడ్డాడు, ఇస్త్రీ చొక్కాలో. సేటు తరఫు వకీలు ఏరని మేజిస్ట్రేటు అడిగాడు. ఎవరూ లేరు. బావ చేతులు కట్టుకుని తనే చెప్పాడు, ఇరవై నాడు పోతున్నానని, ఈరోజే అడగండని. నిందితుడి వకీలు లేకుండా నేనేం అడగను అన్నాడు మేజిస్ట్రేటు, కోపంగా కాదు. పద్దెనిమిదో తేదీకి వేశాడు. పద్దెనిమిదికి బావ ఇంకా ఇక్కడే ఉంటాడు. ఇంకా అయిపోలేదు.

అప్పుడు హనుమంతు లేచి ఒక ఉత్తరం ఇచ్చాడు. ఈ కేసు నుంచి నన్ను తప్పించమని పైవాళ్లకు రాసుకున్నాను, దాని ప్రతి ఇది అన్నాడు. తన మీద బాధితుల కుటుంబానికే నమ్మకం లేనప్పుడు తాను నడపడం ధర్మం కాదన్నాడు. మా వైపు చూడలేదు.

అంతా ఐదు నిమిషాలు.

ఆగస్టు 13

బహిష్కరించింది వాళ్లు. నేను కాదు. నేను బహిష్కరించమని రాయలేదు.

ఆగస్టు 14, గురువారం

రోజారాణి కోసం కోర్టు వరండాలో నిలబడ్డాను. పద్దెనిమిది నాడు క్రాస్ చేయమని అడుగుదామని. అడిగాను. ఆమె ఫైళ్లు బెంచీ మీద పెట్టి, పక్కన కూర్చోమంది. నేను కూర్చోలేదు.

“పదహారేండ్ల కింద నేను గాయన దగ్గర జూనియర్‌ను, తమ్మీ,” అంది. “కేసులల్ల ఒకరినొకరం ఎన్నిసార్లు ఓడగొట్టుకున్నమో లెక్క లేదు. నీ కేసుల టైములు ఇచ్చుకున్నది నిజం. సాక్షి పోతుండని తెలిస్తే ఇయ్యకపోతుండె. తెల్వగానే ఫోన్ చేసిండు. నా సాక్షిని అడిగి పంపియ్యి అన్నడు. సరే అన్న.”

ఎందుకన్నారని అడిగాను. ఆనాడు ఫోన్లో అడిగిందే.

“విమానం ఎక్కించి గెలిస్తే అది నేను గెలిచినట్టా? గా పిలగాన్ని నిలబెట్టి అడుగుదామనుకున్న. అడిగితే ఓడిపోతనేమో గూడ. అది వేరే ముచ్చట. సేటు నన్ను తిట్టిండు, గమ్మున ఉండక నీకెందుకు అని. గిది కోర్టు పద్ధతి, నీకు తెల్వదు అని నోరు మూపిచ్చిన.”

తర్వాత బ్యాగులోంచి నా కరపత్రం తీసింది. మడత దగ్గర చిరిగిపోయి ఉంది.

“గిది సేటు తెచ్చిచ్చిండు. ‘నువ్వు గాయన మనిషివట గదా, కాయితమే చెప్తుంది’ అంటుండు. ఇగ ఇప్పుడు నేను జర మెత్తగ అయినా నన్ను తీసేసి ఇంకొకన్ని పెట్టుకుంటడు. అడిగే మొకం గాయనకు లేకుండ చేసినవు, ఒప్పుకునే మొకం నాకు లేకుండ చేసినవు. మేం కొట్లాడుకోవాలె అంటివి గదా. ఇగ కొట్లాడ్తం.”

ఫైళ్లు ఎత్తుకుని పోయింది.

ఆమె మాటలు ఉన్నవి ఉన్నట్టు రాశాను. నమ్మానని రాయలేదు. వాళ్లకు మాట్లాడటమే వృత్తి.

ఆగస్టు 15

కార్ఖానాలకు సెలవు. పైకప్పు చూస్తూ పడుకున్నాను.

నమ్మాను.

ఆగస్టు 18, సోమవారం

హనుమంతు కుర్చీ ఖాళీ. ఆయన బదులు కేసు ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. రోజారాణి టైము పిటిషన్ పెట్టింది. సర్కారు వైపు నుంచి ఏమంటారని మేజిస్ట్రేటు అలవాటుగా తలెత్తాడు. అటు ఎవరూ లేరు. అభ్యంతరం చెప్పడానికి ఒక మనిషి కావాల్సిన రోజు ఇది.

ఇరవై ఆరుకు వాయిదా.

ఆగస్టు 20

కుమార్ బావ పోయాడు. కరీంనగర్ బస్టాండు దాకా పోయాను. ఒకటే బ్యాగు. అక్క, పిల్లలు, నేను. వీడియోలో అడగవచ్చు కదా అని బావ అన్నాడు. నేను కోర్టులో కనుక్కున్నాను. అక్కడి ఎంబసీలో ఒక అధికారి ఎదుట కూర్చోవాలట, కంపెనీ సెలవివ్వాలట, కాగితాలు పోయి రావడానికే నెలలు పడతాయట. బావకు అదంతా చెప్పలేదు. చూద్దాం అన్నాను.

చూద్దాం. నేనే అన్నాను ఆ మాట.

బస్సు కదిలేముందు కిటికీలోంచి, “నేను వణకకుండ చెప్పిన గదా?” అని అడిగాడు. చెప్పావన్నాను.

ఆగస్టు 23, శనివారం

హనుమంతు ఇల్లు వెతుక్కుంటూ కరీంనగర్ పోయాను. మళ్లీ కేసు తీసుకోమని నిలదీయడానికి పోయాను. కాదు. క్షమించమని అడగడానికి పోయాను. రెండూ చేయలేదు.

ఇంట్లో లుంగీ మీద ఉంటే మామూలు ముసలాయన. మోకాలికి పట్టీ. నిజంగానే నొప్పి ఉందన్నమాట. ఆయన భార్య నీళ్లిచ్చింది. ఆమెకు నేనెవరో తెలిసినట్టుంది, గ్లాసు బల్ల మీద పెట్టి లోపలికి పోయింది.

మళ్లీ రావడం కుదరదన్నాడు. రాసిచ్చిన ఉత్తరం వెనక్కి రాదు. తర్వాత తనే అడిగాడు.

“గా దినం కార్ఖానల ఎందరుండిరి?”

“బాపు గాక ఐదుగురు సార్.”

“కుమార్ ఒకడు. మిగిలిన నలుగురేడ?”

ఒకరు తప్ప అందరూ ఊళ్లోనే ఉన్నారు. రోజూ కనిపిస్తారు.

పోలీసులు ఒక్కడినే రాసుకున్నారట. మిగతావాళ్ల కోసం ఈయన కానిస్టేబులుతో రెండుసార్లు కబురు పంపాడట. ఎవరూ రాలేదట. చూసినవాళ్లు వస్తామంటే సాక్షులుగా పిలవమని సర్కారు వకీలు ఇప్పటికీ కోర్టును అడగవచ్చట. కొత్తగా వచ్చే వకీలుకు ఆ మాట ఫైలులో రాసిపెట్టానన్నాడు.

“పోలీసోడు పిలిస్తే రారు. నువ్వు పిలిస్తే వస్తరేమో అని నీకు మొదటి పేషీ నాడే చెప్పాలె. చెప్పలె. నీ ఎగురుడు చూసి, వీనికి చెప్తే చెడగొడ్తడు అనుకున్న. అది నా తప్పు.”

అంతే. తన తప్పు తాను చెప్పుకున్నాడు. నేను నీళ్లు తాగి లేచాను. నాది చెప్పలేదు.

ఐదు వందల కాగితాలు పంచాను. ఆ నలుగురి ఇళ్లకు పోయి ఒక్క మాట అడగలేదు. మూడేళ్లలో ఒక్కసారి కూడా.

ఆగస్టు 26, మంగళవారం

కొత్త సర్కారు వకీలు వేరే కోర్టు నుంచి అదనంగా వచ్చినవాడు. కుర్రవాడు. మా ఫైలు నిలబడే చదివాడు. ఇంకా సాక్షులున్నారు, పిలవడానికి టైము కావాలన్నాడు.

రోజారాణి లేచింది. “అభ్యంతరం ఉన్నది.”

పది నిమిషాలు మాట్లాడింది. కేసు మూడేళ్ల పాతది, నిందితుడు ఎన్నాళ్లు తిరగాలి, ఇన్నాళ్లు లేని సాక్షులు ఇప్పుడు ఎక్కడి నుంచి వచ్చారు, పేర్లేవి, వాళ్లు వస్తామన్నట్టు కాగితమేది. ఒక్క మాట వృథా లేదు. కుర్రవాడు ఫైలు తిరగేశాడు. వెనక బెంచీలో సేటు కాలు మీద కాలు వేసుకుని విన్నాడు.

సెప్టెంబరు తొమ్మిది ఆఖరి పేషీ అన్నాడు మేజిస్ట్రేటు. ఆ రోజు సాక్షులను పేర్లతో సహా చూపకపోతే సాక్ష్యం మూసేస్తానన్నాడు. మూసేస్తే సేటుకు ఏమీ కాదు.

బయట వరండాలో వకీళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకోకుండా పోయారు. నేను కోరుకున్న కొట్లాట ఇదే. ఆమె కొడుతుంటే దెబ్బలన్నీ బాపుకు తగిలాయి.

ఆగస్టు 31, ఆదివారం

నలుగురిలో ఒకరు భీవండి పోయి రెండేళ్లయింది. ఫోన్ నంబరు ఎవరి దగ్గరా లేదు.

ఒకరు దసరా తర్వాత మాట్లాడదామన్నారు.

బుచ్చిరాములు తాత గణపతి మండపంలో కూర్చుని ఉన్నాడు. మండపానికి పెద్ద సిద్దిరాములు సేటే. పక్కకు పిలిచి అడిగాను. ఆ సమయానికి తాను ఒంటికి పోయానని, ఏమీ చూడలేదని చెప్పాడు. బాపు శవాన్ని సాంచ మీంచి విడదీసింది ఈయన చేతులే. ఆనాడు మా ఇంటి ముందు ఆ చేతులు చూపించి ఏడ్చాడు.

“నన్ను గూడ కాయితంల ఎక్కిస్తవా?” అన్నాడు. వెటకారం కాదు. నిజంగానే అడిగాడు.

నాలుగో మనిషి బాలవ్వ. ఆమె ఇంటికి తాళం ఉంది.

సెప్టెంబరు 2

బాలవ్వ ఇంటికి మళ్లీ తాళం. లోపల కండెలకు నూలు చుట్టే రాట్నం చప్పుడు వినిపించింది. వెనక వాకిలి నుంచి పోతూ వస్తూ ఉందేమో. తలుపు కొట్టలేదు.

సెప్టెంబరు 5, శుక్రవారం

బాలవ్వే వచ్చింది. అవ్వ దగ్గరికి వచ్చినట్టు వచ్చింది. చింతపండు అడిగింది. అవ్వ ఇచ్చింది. కొంగున కట్టుకుంది. పోలేదు.

నేను ఏమీ అడగలేదు. ఎందుకో అడగాలనిపించలేదు. ఆమె గోడ వైపు తిరిగి చెప్పింది.

“తాళంచెవికి ఉరికింది నేను కొడుకా. కుమారు వైరును కట్టెతోని కొడుతుండె, బుచ్చిరాములు మొత్తుకుంటుండె. నేను చెప్పుల్లేకుండ బజారుకు ఉరికిన. సేటు హోటల్ల కూసున్నడు. అంతయ్య అతుక్కపోయిండు, చెవి ఇయ్యి సేటు అన్న. ఆయన ముందట చాయ ఉండె. వస్త పా అన్నడు. నేను అక్కడ్నే నిలవడ్డ. చాయ అయిపోయినంక లేచిండు.”

అవ్వ పొయ్యి దగ్గర కూర్చున్నది కూర్చున్నట్టే ఉంది.

“చెవి గుంజుకుంటే అయిపోతుండె. ఎట్ల గుంజుకుంట, సేటాయె. గదే యాదికొస్తది. చాయ కప్పుల ఎంతుండెనో గూడ యాదికొస్తది.”

బాలవ్వకు ఈ మూడేళ్లూ సేటు కార్ఖానా నుంచే కండెలు వస్తున్నాయి. ఇంకో ఆధారం లేదు. కోర్టులో చెబితే మర్నాడు రావు. ఈ మాట నేను కరపత్రంలో రాస్తే ఒక వాక్యం. ఆమెకు అది రాట్నం.

వస్తావా అని అడిగాను.

“నువ్వు కాయితం ఎయ్యకు. నా పేరు ఏడ రాయకు. నాలుగు రోజుల ముంగట సేటు చెవుల పడితే నన్ను ఇంట్లకెళ్లి రానియ్యరు. కోర్టుల రాసుకుంటే రాసుకోని, అది వేరే. నువ్వు రాయకు. ఎప్పుడు, ఏడికో చెప్పు, చాలు.”

ఈ పుస్తకంలో రాశాను. ఇది ఎవరూ చూడరు. కేసు అయిపోయాక ఈ పేజీ చింపేస్తా.

సెప్టెంబరు 7

బుచ్చిరాములు తాత దగ్గరికి మళ్లీ పోయాను. నిమజ్జనం అయిపోయింది, ఇంట్లోనే ఉన్నాడు. ఈసారి అన్యాయం గురించి మాట్లాడలేదు. కుమార్ బావ సాక్ష్యం చెల్లకుండా పోయింది నా వల్లనే అని చెప్పాను. ఎవరికైనా ఈ మాట చెప్పడం ఇదే మొదలు. తాత తన చేతుల వైపు చూసుకున్నాడు. వస్తాననలేదు. రాననలేదు.

దసరా తర్వాత అన్నవాళ్ల ఇంటికి కూడా పోయాను. తలుపు తీశారు, అంతే.

కొత్త వకీలుకు ఫోన్ చేశాను. తొమ్మిదిన్నరకు ఆఫీసు తెరుస్తాడట. చూసినవాళ్లు వచ్చి తన ఎదుట చెబితే పదిన్నరకు కోర్టులో పేర్లు ఇస్తానన్నాడు. ఒక్కరు వచ్చినా చాలా అని అడిగాను. ఒక్కరి మాటను రోజారాణి మేడం చీల్చేస్తుందన్నాడు. ఇద్దరు ఒకటే మాట చెబితే నిలబడవచ్చట.

సెప్టెంబరు 8, సోమవారం

పనికి పోలేదు. చేయి పెన్ను పట్టుకుంటే పాత అలవాటున ‘ప్రజలారా’ అని మొదలుపెట్టింది. కొట్టేశాను.

అచ్చు వేయడం లేదు. గోడకు అంటించడం లేదు. కాసేపట్లో లేచి ఇల్లిల్లూ తిరిగి, ఎవరి పేరూ ఎత్తకుండా, నోటితోనే చెబుతా. చెప్పేటప్పుడు కోపంలో ఒక్క మాట కూడా ఎక్కువ కాకూడదని ముందుగా ఇక్కడ రాసుకుంటున్నా. ఇంతే చెప్పాలి:

రేపు మంగళవారం. పొద్దున తొమ్మిది గంటలకు. సాంచల గల్లీ మొదట్లో, నీళ్ల ట్యాంకు కింద. ఆనాడు కార్ఖానాలో ఉన్నవాళ్లు రండి. చూసింది చెప్పండి, చూడంది చెప్పవద్దు. నేను ఎనిమిదిన్నరకే వచ్చి నిలబడతా.